ఓబీడీ స్కానర్ ఏళ్లుగా వాడాక: రిపేర్‌లో కంటే గొడవల్లోనే ఎక్కువ పనికొచ్చింది

ఓబీడీ స్కానర్ అంటే కారులోని కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను చదివే చిన్న పరికరం. కారు వారంటీ అయిపోయాక కొన్న వస్తువు ఇది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, అందులో గుచ్చి బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో కోడ్ చూపిస్తుంది. ఈఎల్ఎం327 పేరుతో అమ్మే చవక రకమే నాది. ఏ పార్టు పోయిందో ఇది చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఈ తేడా తెలియకే చాలామంది దీన్ని తిడుతుంటారు.

నాకు ఒకసారి పీ0171 వచ్చింది. ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతోందని దానర్థం, అంతే. గ్యారేజీలో మాత్రం కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి, పనిలో పనిగా ఎయిర్ ఫ్లో సెన్సర్ కూడా మార్చేద్దాం అన్నారు. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కారు కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె, తెరిచి చూశాను. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ప్లస్ 20 శాతం దాటుతోంది, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టుకుంటే దాదాపు సున్నాకి వచ్చేస్తోంది. ఇలా ఉంటే ముందు గాలి లీకుని అనుమానించాలి, ఎందుకంటే ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న చీలిక నుంచి దూరిన గాలి కూడా పెద్ద తేడా చూపిస్తుంది, ఆర్‌పీఎమ్ పెరిగాక అది లెక్కలోకి రాదు. మెకానిక్‌కి ఫోన్ చూపించి "అన్నా, ముందు పైపులు చూడు" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ చూశాడు. ఇంజిన్ వెనక వాక్యూమ్ పైపు వంపు దగ్గర సన్నగా చిట్లి ఉంది, వేలితో మడిస్తే తప్ప కనపడదు. పైపు ఒక్కటే మారింది. సెన్సర్లు రెండూ ఇప్పటికీ పాతవే.

ఇంకో గ్యారేజీతో అసలు గొడవే అయింది. పీ0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోల్ సరిగ్గా మండట్లేదన్నమాట. స్పార్క్ ప్లగ్‌కి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ మార్చామని బిల్లు వేశారు, కొన్నాళ్లకే మళ్లీ అదే కోడ్. పాత కాయిల్ ఏదంటే పారేశామన్నారు, బిల్లులో పార్టు నంబర్ కూడా లేదు. నా దగ్గరేమో బండి అప్పగించే ముందు తీసిన స్కాన్ రిపోర్టు, ఏ పని చేయాలో రాసి వాళ్లు సంతకం పెట్టిన జాబ్ కార్డు, కోడ్ తిరిగొచ్చిన రోజు రిపోర్టు ఉన్నాయి, అన్నీ తేదీలతో. ఫోన్‌లో వాదించడం మానేసి, ఇవన్నీ జతచేసి, ఫలానా తేదీలోగా ఉచితంగా సరిచేయండి లేదా డబ్బు వెనక్కివ్వండి, లేదంటే వినియోగదారుల ఫిర్యాదు వేస్తాను అని మెయిల్ పెట్టాను. కొత్త కాయిల్ వేసి పంపారు. లాయర్ అవసరమే రాలేదు.

అలాగని స్కాన్ రిపోర్టు ఒక్కటే బ్రహ్మాస్త్రం కాదు. కోడ్ మళ్లీ వచ్చినంత మాత్రాన కాయిల్ మార్చలేదని రుజువైనట్టు కాదు, ప్లగ్గో ఇంజెక్టరో కారణం కావచ్చు. డబ్బు తీసుకున్నాక కూడా జబ్బు పోలేదని చూపించడం వరకే దాని పని, మిగతా బలమంతా జాబ్ కార్డుది. రిపోర్టులో ఛాసిస్ నంబర్ వచ్చేలా సేవ్ చేసుకోండి, లేకపోతే అది మీ బండిదేనని ఎవరు నమ్ముతారు? "సార్, ఇంకోటి కూడా మార్చాలి" అని ఫోనొస్తే, ఎంతవుతుందో మెసేజ్ పెట్టమనండి, చూశాకే ఒప్పుకోండి. పాత పార్టు కావాలని కూడా బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద రాయించండి.

కోడ్ చెరిపేసే బటన్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, అంటే లోపం వచ్చిన క్షణాన ఆర్‌పీఎమ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్న వివరాలన్నీ. పాత కారు కొనేటప్పుడు ఇదే విషయం మనకు కలిసొస్తుంది: లైటు వెలగట్లేదు కదా అని మురిసిపోకుండా రెడినెస్ మానిటర్లు చూడండి. కారు తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో ఇవి చూపిస్తాయి, కోడ్ చెరిపితే ఇవీ మొదటికొస్తాయి. అందుకే చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. కోడ్‌లు చెరిపాక ఎంత దూరం తిరిగిందో కూడా చాలా బండ్లు చెప్పేస్తాయి.

నచ్చనివీ ఉన్నాయి. నా దాంట్లో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు రావు, వాటికి కంపెనీ ప్రోటోకాల్ తెలిసిన ఖరీదైన స్కానర్ కావాలి. ఇంజిన్ ఆపినా ఆ సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి రోజుల తరబడి అలాగే గుచ్చి వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు. ఐఫోన్ వాళ్లకు పాత బ్లూటూత్ రకాలు పనిచేయవు, వైఫై గానీ బ్లూటూత్ ఎల్‌ఈ గానీ ఉన్నది చూసి తీసుకోండి.