పియానోలో బిగించే తేమ రాడ్డు: తిరుపతి ఎండల్లో, వానల్లో పదకొండేళ్ల వాడకం

మాది తిరుపతిలో మూడు తరాలుగా హార్మోనియాలు, పియానోలు బాగుచేసే ఇల్లు. తాతగారు భజన మండళ్ల హార్మోనియాలకు రీడ్లు గీసి శ్రుతి చేయడంతో మొదలుపెట్టిన పని, నాన్నగారి కాలం వచ్చేసరికి చర్చీల్లోనూ పాత మిషన్ బంగళాల్లోనూ ఉన్న నిలువు పియానోల దాకా వెళ్లింది. ఇప్పుడు ఆ రెండు పనులనూ నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. పియానో లోపలి తేమను అదుపులో పెట్టడానికి బిగించే వేడి రాడ్డును 2014 చివరి నుంచి వాడుతున్నాం. తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, మదనపల్లెల్లో ఇప్పటికి పందొమ్మిది పియానోలకు మా చేతులతో బిగించాం కాబట్టి, దాని మంచీ చెడూ రెండూ చెప్పగలననే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

వస్తువు చూడటానికి చాలా చిన్నది. బొటనవేలంత లావున్న లోహపు గొట్టం, అందులో 25 వాట్ల వేడి తీగ, దానితోపాటు గాలిలో తేమ పెరిగినప్పుడు కరెంటు ఇచ్చి తగ్గినప్పుడు ఆపే హ్యుమిడిస్టాట్ అనే స్విచ్చు, అంతే. నిలువు పియానోలో కింది పలక తీసి, వేళ్లతో నొక్కే మెట్ల కిందుగా, తీగల నాదాన్ని పెద్దది చేసే సౌండ్‌బోర్డు అనే చెక్క పలకకు దగ్గరగా రాడ్డును అడ్డంగా బిగిస్తాం. స్విచ్చును మాత్రం రాడ్డుకు సరిగ్గా పైన పెట్టకూడదు. అక్కడ పెడితే రాడ్డు వేడినే అది చూసుకుని, మిగతా పియానో తడిగా ఉన్నా ఆగిపోతుంది. మొదటి రెండింటిలో మేము ఈ పొరపాటు చేసి తర్వాత మార్చుకున్నాం.

ఇది తేమను పీల్చేసే యంత్రం కాదు. గాలి వేడెక్కితే అందులో ఉన్న నీటి ఆవిరి అంతే ఉన్నా, సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ గాలి పట్టగల ఆవిరిలో ఇప్పుడున్నది ఎంత శాతమో ఆ లెక్క, తగ్గుతుంది. 26 డిగ్రీల దగ్గర 85 శాతం ఉన్న గాలిని 29 డిగ్రీలకు వేడి చేస్తే అది సుమారు 71 శాతానికి దిగుతుంది. చెక్క స్పందించేది ఈ శాతానికే కాబట్టి, మూడు డిగ్రీల గోరువెచ్చదనం కూడా పియానోకు పెద్ద మేలు చేస్తుంది.

మన ప్రాంతంలో ఈ మేలు ఎంత అవసరమో పియానో ఉన్న ఇంట్లో వారికి తెలుసు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్న ఎండలు ఒకవైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే ముసురు మరొకవైపు. సౌండ్‌బోర్డు సెంటీమీటరు దళసరి కూడా లేని, స్ప్రూస్ అనే చెట్టు చెక్కతో చేసిన పలక. ముసురులో అది తేమ పట్టి ఉబ్బి, మీదున్న బ్రిడ్జిని, అంటే తీగలు ఆనుకునే చెక్క దిమ్మను, తీగల మీదికి నెట్టడంతో తీగలు బిగిసి శ్రుతి పైకి పోతుంది. ఎండల్లో అదే పలక కుంగి శ్రుతి దిగుతుంది. అన్ని తీగలూ ఒకే తీరున కదిలితే ఇంత బాధ ఉండదు. నడిమి స్థాయి తీగలు ఎక్కువగానూ మంద్రస్థాయి తీగలు తక్కువగానూ జరగడం వల్ల ఒకే వాద్యంలో రెండు శ్రుతులు ఏర్పడతాయి. గాయకుడు తన గొంతుకు తగినట్టు తంబూరా శ్రుతిని మార్చుకోగలడు. 88 మెట్లకూ కలిపి 220కి పైగా తీగలుండి, అన్నీ కలిసి సుమారు 18 టన్నుల బలంతో లాగుతూ ఉండే పియానోకు ఆ వెసులుబాటు లేదు.

తేమ దెబ్బ శ్రుతితో ఆగదు. తీగను కొట్టే చిన్న సుత్తి, అంటే హ్యామర్, తిరిగే చోట అగ్గిపుల్లకన్నా సన్నని ఇరుసు, దాని చుట్టూ వెంట్రుకవాసి ఖాళీతో ఫెల్టు అనే ఒత్తిన ఉన్ని గుడ్డ ఉంటాయి. ఆ గుడ్డ తేమకు ఉబ్బితే మెట్టు నొక్కినప్పుడు తీగను కొట్టిన హ్యామర్ వెనక్కి రావడానికి మనసొప్పనట్టు నెమ్మదిగా వాలుతుంది, రెండోసారి వెంటనే నొక్కితే అసలు పలకదు. కార్తీక మాసంలో మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం దీని గురించే ఉండేవి. రాడ్డు బిగించిన పియానోల నుంచి ఈ ఫిర్యాదు దాదాపు రావడం మానేసింది. నా లెక్కలో దాని మొదటి ఘనత ఇదే. శ్రుతి నిలకడ ఆ తర్వాతి మాట.

అంతకుముందు నాన్నగారు పియానో అడుగున 40 వాట్ల బల్బు వేలాడదీసేవారు. తేమ ఉండే ఊళ్లలో పియానో పనివారు చాలామంది చేసిన పనే అది. చౌక, పని కూడా చేసేది. అయితే వేడంతా ఒక్కచోట ఉండటం, పక్కనే దుమ్మూ ఫెల్టూ ఉండటం నాకెప్పుడూ భయంగానే ఉండేది. ఒక ఇంట్లో బల్బు తగిలి పెడల్ దగ్గరి ఫెల్టు గోధుమరంగుకు మాడటం చూశాక ఆ పద్ధతికి స్వస్తి చెప్పాం. పైగా ఇళ్లల్లో అన్నీ ఎల్‌ఈడీ బల్బులయ్యాయి, వాటికి ఆ వేడి రాదు. సిలికా జెల్ పొట్లాలు కూడా వాడి చూశాం. పియానో మూసిన డబ్బా కాదు కాబట్టి అవి నాలుగు రోజుల్లో నిండిపోతాయి.

ఇక లోపాలు. రాడ్డు మంచిదే, దానితో వచ్చే స్విచ్చును గుడ్డిగా నమ్మకూడదు. మేము బిగించిన వాటిలో ఒకదాని స్విచ్చు నాలుగో ఏడు వేసవిలో లోపల అతుక్కుపోయింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ కాస్తుంటే, గాలిలో తేమే లేని రోజుల్లో, రాడ్డు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంది. మేము జూన్‌లో వెళ్లి చూసేసరికి సౌండ్‌బోర్డులో బ్రిడ్జి పక్కన జానెడు పొడవు సన్నని పగులు. అమ్మినవారికి రెండుసార్లు రాశాం, జవాబు రాలేదు. పగులును శుభ్రంగా తెరిచి, స్ప్రూస్ ముక్కను ఆకుమందాన చెక్కి జిగురుతో దించి సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ ఖర్చు ఇంటివారి నుంచి తీసుకోలేదు, బిగించింది మేమే కదా. అప్పటి నుంచి ప్రతి ఉగాదికి రాడ్డు ప్లగ్గు తీయించి, ముసురు మొదలయ్యే ముందు మళ్లీ పెట్టిస్తున్నాం. స్విచ్చు లేకుండా ఉత్త రాడ్డు మాత్రమే చౌకగా అమ్ముతున్నారు. తీరప్రాంతం సంగతి వేరు కావచ్చునేమో గాని, మన రాయలసీమ ఎండలకు దాన్ని ఎవరూ కొనవద్దని గట్టిగా చెబుతాను.

రెండో ఇబ్బంది వస్తువుది కాదు, మన అలవాటుది. ఒక చర్చిలో రాడ్డు బిగించిన ఏడాదికి వెళితే శ్రుతి ఎప్పటిలాగే చెదిరి ఉంది. కింది పలక తీసి రాడ్డును తాకితే బావిగట్టు రాయిలా చల్లగా తగిలింది. ఆదివారం ఆరాధన అయ్యాక వాచ్‌మన్ మెయిన్ స్విచ్చు కట్టేసి తాళం వేసుకుని వెళుతున్నాడు. అది అతని బాధ్యత, తప్పు పట్టలేం. మెయిన్‌కు ముందు నుంచి వేరుగా ఒక లైను, దానికో చిన్న ఫ్యూజు వేయించాక ఆ పియానో కుదురుకుంది. కరెంటు ఖర్చుకు భయపడేవారికి లెక్క చెబుతాను: 25 వాట్ల రాడ్డు రోజంతా వెలిగినా 0.6 యూనిటే.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు నీట మునిగినప్పుడు, పల్లపు ప్రాంతంలోని ఒక ఇంట్లో మేము రాడ్డు బిగించిన పియానో మోకాలిలోతు నీటిలో నిలిచిపోయింది. రాడ్డు అడుగునే ఉంటుంది కాబట్టి ముందు పాడయ్యేది అదే. కరెంటు అప్పటికే పోవడం అదృష్టం. పెడళ్ల కింది చెక్కలన్నీ జిగురు వదిలి విడిపోయాయి. ఇంటివారు కొత్త రాడ్డు పెట్టి త్వరగా ఆరబెట్టమని అడిగారు, మేము ఒప్పుకోలేదు. తడిసిన చెక్కను తొందరపెట్టి ఆరబెడితే పగులుతుంది. పలకలన్నీ తీసి, నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా రెండు నెలలు వదిలేశాకే అతుకు పని మొదలుపెట్టాం. ఇప్పుడు ఆ పియానోలో రాడ్డును అరడుగు పైకి జరిపి బిగించాం.

దీనివల్ల మన పని తగ్గిపోతుందని నాన్నగారు మొదట్లో వెనకాడారు. ఏడాదికి మూడుసార్లు పిలిచేవారు రెండుసార్లే పిలుస్తున్న మాట నిజం. కాని మునుపు ప్రతి రాకలోనూ సగం రోజు చెదిరిన శ్రుతిని స్థూలంగా చోటికి తేవడానికే సరిపోయేది. ఇప్పుడు ప్రామాణిక శ్రుతి అయిన ఏ-440 (సెకనుకు 440 కంపనాలు) ఇచ్చే శ్రుతి ఫోర్కు మోగిస్తే పియానో దాదాపు అక్కడే ఉంటుంది. అందువల్ల చాలా స్వరాలకు ఉండే మూడేసి తీగలనూ నాదంలో కదలిక వినిపించనంత నిండుగా కలపడానికి సమయం చిక్కుతోంది. నాన్నగారు కళ్లు మూసుకుని ఆ మూడు తీగలను విని తల ఊపిన రోజున ఇక ఆ ప్రస్తావన తేలేదు.

పోయిన నెల చిత్తూరులో ఒకరు తమ పాత ఇంగ్లీషు పియానోకు రాడ్డు బిగించమని పిలిచారు. శ్రుతి లివర్ వేసి చూస్తే, తీగలను బిగించి ఉంచే పిన్నుల్లో పదిహేనుకు పైగా చేతికి ఎదురు చెప్పకుండా తిరిగాయి. ఎన్నో వేసవులకు ఆ పిన్నులు దిగి ఉండే పిన్‌బ్లాక్ అనే చెక్క ఎండి రంధ్రాలు వదులయ్యాయి. అలాంటిదానికి రాడ్డు ఏమీ చేయదు. ముందు ఒక సైజు లావు పిన్నులు దించి, తీగలు మార్చి, రాడ్డు సంగతి వచ్చే ముసురుకు చూద్దామని చెప్పాం. పియానోను వ్యానులో తిరుపతికి తెచ్చుకున్నాం. మంద్రస్థాయి తీగలు విప్పడం అయిపోయింది, తమ్ముడు పిన్నులు తీస్తున్నాడు.