ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్: నూలు మిల్లు కార్మికుడి వైపు నుంచి ఒక సమీక్ష

నెల వేతనం 21,000 రూపాయలకు మించని కార్మికుడి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందా వసూలు చేసే ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పథకంలో, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టినవారికి, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్‌గా అందుతుంది. క్షయ వంటి దీర్ఘకాలిక వ్యాధులకు, అదనపు షరతులకు లోబడి, ఇది 80 శాతానికి పెరిగి రెండేళ్ల దాకా కొనసాగవచ్చు. పథకంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే భాగం ఇదే. పని దొరికీ దొరకని కాంట్రాక్టు కూలీలకు మాత్రం ఆ 78 రోజులే గండం.

అసలు చిక్కు వ్యాధి నిర్ధారణలో ఉంది. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిస్సినోసిస్ వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నందున, అది రుజువైతే 90 శాతం రేటుతో వైకల్య భత్యం లభిస్తుంది. డాక్టరు చీటీలో మామూలు ఆయాసమని రాస్తే మాత్రం 70 శాతంతోనే సరిపెట్టుకోవాలి. సెలవు ముగిశాక కార్మికుడు మళ్లీ అదే దుమ్ములోకి వెళ్లాలి, ఎందుకంటే తేలికపాటి పని ఇప్పించే ఏర్పాటు ఈ భత్యంలో లేదు. తట్టుకోలేక 50 ఏళ్లు దాటాక పని మానుకుని ముందుగానే పింఛను తీసుకుంటే, అది ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పరిధి: 58 ఏళ్లకు తగ్గిన ప్రతి ఏడాదికీ పింఛనులో 4 శాతం కోత పడుతుంది.