ఎడ్డీ పోయాక ఇంకో గంట సినిమా

డైనోసార్ల సినిమా 'ద లాస్ట్ వరల్డ్: జురాసిక్ పార్క్' ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. 1997లో రిలీజైనప్పుడు హాల్లో చూసే యోగం పట్టలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకి, వేసవి సెలవుల్లో, విజయవాడ సత్యనారాయణపురంలో పెద్దమ్మ వాళ్ళింట్లో అద్దె వీసీడీలో చూశాం. రోజుకి 10 రూపాయలు. రెండు డిస్కుల్లో రెండోదాని మీద గీతలు. మంచి సీను రాగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోయేది. తీసి బనీనుకి తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళం. మాకు ఇంగ్లీషు రాదు. ఇంటర్ చదివే అన్నయ్య పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాడు. అందులో సగం వాడి సొంత కథేనని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

మొన్న ఆదివారం షాపుకి సెలవు కదా అని మా అమ్మాయితో కలిసి మళ్ళీ చూశాను. నాది ఆటోనగర్లో పని, లారీలతోనే బతుకు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈసారి సినిమా నాకు వేరేగా కనపడడానికి కారణం అదే.

అప్పట్లో మా అందరికీ ప్రాణం చివరి భాగం. టీ-రెక్స్ అనే పెద్ద డైనోసార్ అమెరికాలోని శాన్ డియేగో ఊళ్ళోకి దిగడం, ఎవరింటి వెనకో స్విమ్మింగ్ పూల్లో నీళ్ళు తాగడం. అదే బీసెంట్ రోడ్డులోకి వస్తే ముందు ఏ కొట్టు మీద పడుతుందా అని కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు చూస్తే ఆ ముక్క వేరే సినిమాలోంచి తెచ్చి అతికించినట్టుంది. సినిమాకి మూలమైన మైఖేల్ క్రైటన్ 1995 నవలలో అసలది లేనే లేదు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర ఆ నవల కొన్నాక తెలిసింది. ('జురాసిక్ పార్క్' అనే మొదటి నవలలో చనిపోయిన హీరో మాల్కమ్‌ని రెండోదానికి ఎలాగో బతికించుకున్నారు, అదో తమాషా.)

హీరోల సంగతికొస్తే, ఒళ్ళు మండింది. డైనోసార్లుండే ఈ దీవిలో ఏదీ ముట్టుకోకూడదు, మన ఆనవాలు ఉండకూడదు అని క్లాసు పీకేది వాటిని పరిశోధించే సారా. రెక్స్ పిల్ల నెత్తురంటిన జాకెట్ తొడుక్కుని అడవంతా తిరిగేదీ ఆవిడే. ఫొటోలు తీసే నిక్ ఆ పిల్లని తెచ్చి తమ బస బండి ట్రెయిలర్లో పెడతాడు, పైగా వేటగాడు రోలాండ్ తుపాకీలోంచి తూటాలు తీసేస్తాడు. చిన్నప్పుడు నిక్‌కి చప్పట్లు కొట్టాం. ఇప్పుడు పోయినవాళ్ళ లెక్క తీస్తే చాలామంది అతని ఖాతాలోకే వెళ్తారు. మాల్కమ్ కూతురు జిమ్నాస్టిక్స్ చేసి వేటాడే డైనోసార్ రాప్టర్‌ని తన్నే సీనుకి మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నేను మాత్రం అప్పట్లో మంచం పట్టె పట్టుకుని అది ప్రాక్టీసు చేసినవాణ్ణి.

కానీ ట్రెయిలర్ సీను ఉంది చూశారూ! రెండు రెక్స్‌లు కలిసి ట్రెయిలర్‌ని కొండ అంచు నుంచి కిందకి తోసేస్తాయి. సారా వెళ్ళి వెనకద్దం మీద పడుతుంది. కింద సముద్రం. అరచెయ్యి ఆనిస్తే చాలు, ఆ చేతి కిందనుంచి సన్నగా చిటపటమంటూ గీతలు పాకుతాయి. లారీ ముందద్దానికి రాయి తగిలాక ఆ గీత రోజుకింత ఎలా పాకుతుందో చూసినవాళ్ళకి ఇక్కడ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. ఎన్నోసారి చూస్తున్నానో తెలియదు గానీ ఊపిరి బిగబట్టాను.

అప్పుడొస్తాడు ఎడ్డీ. బండ్లూ సామాన్లూ చూసుకునే మనిషి. ఒక్కడే, కుండపోత వానలో. ముందు తాడు కట్టి కిందకి వదులుతాడు. తర్వాత బండికున్న లాగుడు యంత్రం, అదే వించ్, దాని తీగ లాగి ట్రెయిలర్‌కి తగిలిస్తాడు. రివర్సు గేరేసి తొక్కితే టైర్లు బురదలో గిర్రున తిరుగుతాయే గానీ పట్టు దొరకదు. బరువు తననే అంచుకి ఈడుస్తోందని తెలుసు, అయినా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యడు. వానాకాలంలో దిగబడ్డ లోడు బండిని లాగినవాళ్ళకి ఆ ఇంజను మూలుగు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రెక్స్‌లు తిరిగొచ్చి బండి పైకప్పు పీకి, చెరోవైపు పట్టుకుని మనిషిని రెండు చేస్తాయి. వీసీడీలో ఈ ముక్క చూసి మేం కేకలేశాం. ఈసారి నాకు మాట రాలేదు. కాపాడించుకున్న సారా, మాల్కమ్, నిక్ ముగ్గురూ అతని గురించి మాట్లాడేది ఒకటి రెండు ముక్కలు. సినిమా ఇంకో గంట నడుస్తుంది.

ఆ గంటలో మళ్ళీ చూడదగ్గది గడ్డిమైదానం సీను. పైనుంచి చూస్తే నిలువెత్తు గడ్డిలో గీతలు గీసుకుంటూ వస్తాయి రాప్టర్లు. జొన్నచేలో పందులు దూరినట్టే, జంతువు కనపడదు, ఊగే కంకులే కనపడతాయి. మిగతా వాటికి రిమోట్ పక్కన పెట్టుకోవచ్చు.

ఓడ సంగతి కూడా చెప్పాలి. రెక్స్‌ని శాన్ డియేగోకి తెస్తున్న ఓడ రేవుని గుద్దేసరికి సిబ్బంది అంతా చచ్చి ఉంటారు. స్టీరింగుకి తెగిన చెయ్యి వేలాడుతుంటుంది. రెక్స్ మాత్రం కింద, తలుపు మూసిన గదిలోనే ఉంటుంది. మరి పైవాళ్ళని చంపిందెవరు? మా అమ్మాయి వెంటనే పట్టేసింది. నాకిన్నేళ్ళూ ఆ అనుమానమే రాలేదు, ఎందుకంటే చిన్న డైనోసార్లు కూడా దొంగతనంగా ఓడెక్కాయని అన్నయ్య అప్పుడే చెప్పేశాడు. సినిమా ఆపి వాడికి ఫోన్ చేశాను.

"ఎక్కాయిరా. నువ్వు సరిగ్గా చూసుండవు. ఆ డిస్కు మీద గీతలున్నాయిగా" అన్నాడు.