పీర్ లీడర్ ఉన్న చర్చ, లేని చర్చ: 3 ఏళ్ల అనుభవం

భీమవరం దగ్గర వనామి రకం రొయ్యల చెరువులు చూసుకుంటూ, గత 3 ఏళ్లలో నీటి నాణ్యత, రొయ్యల ఆరోగ్యం గురించి 4 ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేశాను. వాటిలో రెండింట, చర్చ నడిపే బాధ్యతను వారానికొకరు చొప్పున మాలోనే ఒకరికి అప్పగించారు; ఆ వ్యక్తే పీర్ లీడర్. మిగిలిన రెండింట ఆ ఏర్పాటు లేదు. పాఠాలన్నీ దాదాపు ఒకే స్థాయివే. చర్చలు మాత్రం కావు.

పీర్ లీడర్ లేనిచోట మార్కుల కోసం అందరూ రాసేవారు. ఒకరు పాఠంలోని మాటలనే తిరిగి రాస్తే, తక్కినవారు 'బాగా చెప్పారండీ' అని ముగించేవారు.

ఉన్నచోట జరిగింది ఒకటి చెబుతాను. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలుతున్నాయని పాలకొల్లు వైపు రైతు ఒకరు రాశారు. నీటికి గాలి అందించే ఏరేటర్లు పెంచమని సలహాలు మొదలయ్యేలోపే, ఆ వారం లీడరైన అమలాపురం విద్యార్థిని ఒకరు ఆయనను 'డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎన్ని గంటలకు కొలిచారండీ? ముందు రోజు మబ్బు పట్టిందా?' అని అడిగారు. మధ్యాహ్నం 3 గంటలకని ఆయన జవాబిచ్చారు. పగలు ఎండకు ఆక్సిజన్ విడుదల చేసే వృక్షప్లవకాలే (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలే) రాత్రంతా దానిని వాడుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందు డీఓ బాగా పడిపోతుందన్న సంగతి పాఠంలో ఉన్నదే. అయినా మధ్యాహ్నపు అంకెను నమ్మి రాత్రి ఏరేటర్లు తగ్గించిన నాలాంటివారికి అది ఆ రోజే బోధపడింది.

ఆన్‌లైన్ చర్చలోని ఆలోచనను గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే పరిశోధకులు ప్రశ్న పుట్టడం, అన్వేషణ, సమన్వయం, పరిష్కారం అని 4 దశలుగా చూపారు. చాలా చర్చలు అన్వేషణ దగ్గరే ఆగిపోతాయి. దానిని దాటించింది ఆమె అడిగిన ఆ రెండు ప్రశ్నలే. నా వంతు వచ్చినప్పుడు మాత్రం నేను ప్రతి సందేహానికీ వెంటనే పూర్తి జవాబు రాశాను. మూడో రోజుకల్లా ఎవరూ మాట్లాడలేదు. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది.

లోపమూ ఉంది. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషప్రభావం తగ్గుతుందని ఒక లీడర్ రాశారు. నిజానికి అది పెరుగుతుంది. అధ్యాపకుడు సరిదిద్దడానికి 2 రోజులు పట్టింది, ఈలోగా ఇద్దరు రైతులు ఆ మాట నమ్మి పీహెచ్ పెంచే సున్నం చల్లారు. అందుకే ఇప్పుడు కోర్సులో చేరేముందు, పీర్ లీడర్లు రాసినదాన్ని అధ్యాపకులు ఏ రోజుకారోజు చూస్తారా అని అడిగి తెలుసుకుంటున్నాను.