సాగే కర్టెన్ రాడ్ జరగకుండా ఆపాలంటే: స్క్రూ మేలా, కర్ర మేలా, టేపు మేలా?

మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే లేచి బాల్కనీ కర్టెన్ పక్కకి జరుపుతుంది. పోయిన వేసవిలో ఒక రోజు అలా జరుపుతుంటే రాడ్ కుడి కొస బ్రాకెట్ దాటి బయటికి వచ్చేసింది. ఒకదానిలో ఒకటి దూరి ఉండే రెండు గొట్టాలూ విడిపోయి, కర్టెన్‌తో సహా కింద పడ్డాయి. పక్కనే చాప మీద పాప పడుకొని ఉంది. దేవుడి దయవల్ల తగల్లేదు. ఆ రోజు నుంచి కర్టెన్ ముట్టుకోవాలంటే ఇంట్లో అందరికీ టెన్షన్. "మెల్లగా లాగు, ఊడొస్తుంది" అని ఒకరికొకరు చెప్పుకుంటూ రెండు వారాలు గడిపాం. తర్వాత ఒక ఆదివారం కూర్చుని, సాగే రాడ్‌ను కావలసిన పొడవు దగ్గర ఆపడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ చేసి చూశాను.

మా ఇంట్లో ఇలాంటి రాడ్లు మూడు. బాల్కనీ తలుపు మీద 7 అడుగులది, రెండు వైపులా బ్రాకెట్ల మీద కూర్చుంటుంది. పడగ్గది కిటికీకి 54 అంగుళాలది, అటు గోడకీ ఇటు గోడకీ బిగించిన గిన్నెల్లాంటి హోల్డర్లలో దాని కొసలు ఉంటాయి. మూడోది బాత్రూంలో స్ప్రింగ్ రాడ్, అంటే లోపలి స్ప్రింగ్ బలంతో గోడల మధ్య నిలబడేది. మూడింటికీ ఒకే మందు పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో అర్థమయ్యాక ఏది ఎక్కడ మేలో తేల్చుకోవడం తేలికైంది.

ముందు ఒక పని చేయండి. బయటి గొట్టం అంచు ఎక్కడ ముగుస్తుందో అక్కడ లోపలి గొట్టం మీద మార్కర్‌తో సన్నని గీత పెట్టండి. వారం రోజులు మామూలుగా కర్టెన్ వాడండి. గీత బయటి గొట్టంలోకి దూరిపోతే రాడ్ పొట్టిదవుతోంది. గీతకీ అంచుకీ మధ్య ఖాళీ వస్తే పొడుగవుతోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

బ్రాకెట్ల మీద కూర్చునే రాడ్‌కు రెండు కొసల్లో బుడిపెలు బ్రాకెట్ల బయట ఉంటాయి. అందుకని అది లోపలికి జరగబోతే బుడిపె బ్రాకెట్‌కు తగిలి ఆగిపోతుంది. బయటికి జరగడానికి మాత్రం అడ్డేమీ ఉండదు. కర్టెన్ తెరిచిన ప్రతిసారీ రింగులు రాపిడితో గొట్టాన్ని తమతో పాటు కొంచెం కొంచెం బయటికి ఈడుస్తాయి. మా బాల్కనీలో జరిగింది ఇదే. నెలల తరబడి రోజూ కాస్త కాస్త జరిగి, చివరికి ఒక గొట్టంలోంచి ఇంకోటి జారిపోయింది. రెండు గోడల మధ్య ఉండే రాడ్ ఇందుకు ఉల్టా. అది బయటికి పోలేదు, గోడ ఆపుతుంది. లోపలికి ముడుచుకుంటే మాత్రం కొస హోల్డర్‌లోంచి బయటికొచ్చి పడిపోతుంది.

ఇప్పుడు ఒక్కో దారి చూద్దాం.

ఖర్చు లేనిది బ్రాకెట్ స్క్రూ. చాలా బ్రాకెట్లకు కింద గానీ పక్కన గానీ రాడ్‌ను నొక్కి పట్టే చిన్న స్క్రూకి రంధ్రం ఉంటుంది. మా బాల్కనీ బ్రాకెట్లకూ ఉంది. బిగించిన మనిషి ఆ స్క్రూలు పెట్టకుండా కవర్లోనే వదిలేశాడు. ఒక బ్రాకెట్ బయటి గొట్టాన్ని, రెండోది లోపలి గొట్టాన్ని పట్టుకుంటే ఇక పొడవు మారే వీలే లేదు కదా అనుకున్నాను. చిన్న కిటికీకి ఇదొక్కటే చాలు. రోజుకు నాలుగుసార్లు జరిపే బాల్కనీ కర్టెన్‌కు మాత్రం మూడు వారాల్లో స్క్రూ వదులైంది. ఇంకా గట్టిగా తిప్పితే పల్చటి గొట్టం సొట్ట పడుతుంది. కాబట్టి ఇది మొదటి మెట్టు. చివరి మెట్టు కాదు.

టేపు సంగతి. లోపలి గొట్టానికి టేపు చుట్టి బయటి గొట్టంలోకి బిగువుగా దూర్చడం చాలామంది చేసే పని. ఇన్సులేషన్ టేపుతో మొదలుపెట్టాను. దూర్చేటప్పుడే అంచు తగిలి సగం టేపు ముడతలు పడి వెనక్కి లేచిపోయింది. నిలిచిన సగం కూడా ఎండాకాలపు వేడికి జిగురు కరిగి జారింది, తీసి చూస్తే గొట్టమంతా జిడ్డు. మందుల షాపులో దొరికే బట్ట ప్లాస్టర్ దానికంటే నయం. ఒక్క చుట్టు చుట్టి, మెలితిప్పుతూ దూర్చితే పట్టు బాగుంటుంది. అయినా టేపు బిగువునిస్తుందే తప్ప తాళం వేయదు. నా దృష్టిలో దాని అసలు ఉపయోగం వేరే: రెండు గొట్టాల మధ్య ఉండే సందును పూడ్చి, అతుకు దగ్గర రాడ్ కిందికి వంగకుండా చేస్తుంది. అందుకే స్క్రూ వేసే ముందు కూడా ఒక చుట్టు టేపు వేస్తాను.

నాకు బాగా నచ్చింది, ఎక్కువ ఆలోచింపజేసింది గొట్టాలకే వేసే స్క్రూ. రెండు గొట్టాలూ ఒకదాని మీద ఒకటి ఉన్న చోట రంధ్రం చేసి, రేకును తనే కోసుకుంటూ దిగే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ ఒకటి వేస్తే చాలు. పొడుగవడం, పొట్టిదవడం, ఒక గొట్టం ఇంకోదానిలో గిర్రున తిరగడం, మూడూ ఒకేసారి ఆగిపోతాయి. టేపు గానీ కర్ర గానీ ఈ మూడూ ఒక్కసారి ఆపలేవు. భయపడాల్సింది రంధ్రం ఎక్కడ చేయాలన్న దాని గురించే. రింగుల కర్టెన్ అయితే రింగు రాడ్ పైభాగం మీద వేలాడుతుంది, కింద వైపు ఖాళీ ఉంటుంది. 19 మిల్లీమీటర్ల రాడ్ మీద 40 మిల్లీమీటర్ల రింగు ఉంటే కింద 20 మిల్లీమీటర్ల దాకా సందు. కాబట్టి స్క్రూ తల రాడ్ అడుగున ఉంటే రింగు దాన్ని తాకకుండా వెళ్లిపోతుంది. పైన గానీ ముందు వైపు గానీ వేశారంటే ప్రతి రింగూ అక్కడ ఆగుతుంది. రాడ్ దూర్చేలా గొట్టంలా కుట్టిన కర్టెన్ అయితే ఏ వైపున్నా తల బట్టకు తగులుతుంది, కాబట్టి తల చదునుగా దిగే రకం తీసుకోవాలి.

చేసే తీరు ఇదీ. రాడ్‌ను కిందికి దించి, కావలసిన పొడవుకు సరిచేసి, అతుకు దగ్గర టేపుతో తాత్కాలికంగా కట్టండి. గుండ్రటి గొట్టం మీద డ్రిల్ బిట్ జారిపోతుంది, అందుకని మేకు పెట్టి సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ కొట్టి చిన్న గుంట చేయండి. 3.5 మిల్లీమీటర్ల స్క్రూకు 2.5 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. రెండు గొట్టాల ఒక పక్క గోడలు తెగితే చాలు, అటువైపు దాకా పోనక్కర్లేదు. స్క్రూ పొడవు 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకూడదు, మరీ పొడుగైతే మొన అవతలి వైపు పొడుచుకొచ్చి కర్టెన్ చించే ప్రమాదం ఉంది. కళ్లజోడు తప్పకుండా పెట్టుకోండి. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ పని బాల్కనీలోనో మేడ మీదో చేయండి, లోహపు రజను పాదాల్లో గుచ్చుకుంటుంది. అద్దె ఇల్లయినా దీనికి ఇబ్బంది లేదు. రంధ్రం పడేది మన రాడ్‌కే, ఇంటివాళ్ల గోడకు కాదు. ఇల్లు మారితే స్క్రూ తీసి, కొత్త కిటికీ కొలతకు ఇంకో రంధ్రం చేసుకోవచ్చు.

రివెట్ (రేకులను కలిపి శాశ్వతంగా బిగించే చిన్న లోహపు పిన్ను) కూడా ఇదే పని చేస్తుంది, తల ఇంకా నున్నగా ఉంటుంది. కానీ తీయాలంటే మళ్లీ డ్రిల్ పెట్టాలి, వేయాలంటే రివెట్ గన్ కావాలి. అల్యూమినియం కిటికీలు బిగించేవాళ్లు ఇంటికొచ్చిన రోజు అడిగితే నిమిషంలో వేసిపెడతారు. మనంతట మనమే చేసుకునేటట్లయితే స్క్రూనే మేలు.

జిగురు విషయంలో నా అభిప్రాయం గట్టిది: వద్దు. రెండు ట్యూబులు కలిపి రాసే ఎపాక్సీ జిగురు, గొట్టాలను గరుకు కాగితంతో రుద్ది రాస్తే నిజంగానే పట్టుకుంటుంది. కాదనను. కానీ సాగే రాడ్ కొన్నదే రేపు వేరే కిటికీకి పనికొస్తుందని. జిగురు పెట్టాక అది ఒకే ఒక్క కిటికీ రాడ్. పైగా కొలత అర అంగుళం తప్పితే దిద్దుకునే దారి లేదు. చుక్క వేయగానే పట్టే రకం జిగురు ఇంకా దండగ, అది పెళుసు, నాలుగు కుదుపులకు విరుగుతుంది.

ఇక కర్ర. గోడల మధ్య ఉండే రాడ్‌కు ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. బయటి గొట్టం లోపల కొస దాకా ఒక కర్ర ముక్క వేసి, ఆపైన లోపలి గొట్టం దూర్చాలి. లోపలి గొట్టం కర్రకు తగిలి అక్కడే ఆగుతుంది, ఇంక ముడుచుకోలేదు. డ్రిల్ అక్కర్లేదు, బయటికి ఏమీ కనపడదు. లెక్క కూడా చాలా తేలిక: కావలసిన మొత్తం పొడవులోంచి లోపలి గొట్టం పొడవు తీసేస్తే కర్ర పొడవు. మా పడగ్గదికి 54 అంగుళాలు కావాలి, లోపలి గొట్టం 36, కర్ర 18. కొసన మూత లోపలికి ఎంత దిగుతుందో అంత తగ్గించుకోవాలి. అందుకని అర అంగుళం ఎక్కువ కోసి, పెట్టి చూసి, చెక్కుకుంటూ రావడం మంచిది.

ఒక్క చోట నేను దెబ్బతిన్నాను. మొదట వేసిన వెదురు పుల్ల సన్నగా ఉండటంతో లోపలి గొట్టం దాన్ని మింగేసింది. గొట్టం కూడా బోలే కదా! కర్ర లావు లోపలి గొట్టం బోలు కంటే ఎక్కువ, బయటి గొట్టం బోలు కంటే తక్కువ ఉండాలి. అంత సరిగ్గా దొరక్కపోతే కర్ర కొసకు బట్ట ప్లాస్టర్ చుట్టి లావు చేయండి. పాత రాడ్ ఏదైనా ఉంటే అదే సైజు లోపలి గొట్టం ముక్క కోసి వేయడం అన్నిటికంటే నిఖార్సైన పని.

అయితే కర్ర ఒక వైపే కాపలా కాస్తుంది. పొడుగవకుండా ఆపలేదు. మా బాల్కనీ రాడ్‌లో కర్ర వేసి ఉంటే అది అలాగే ఊడి పడేది. మార్కర్ గీత ముందు పెట్టమన్నది ఇందుకే.

స్ప్రింగ్ రాడ్‌లో లోపల స్ప్రింగ్, ప్లాస్టిక్ మర ఉంటాయి కాబట్టి కర్రకు చోటుండదు. అక్కడ కర్రకు బదులు తొడుగు. వైరింగ్‌కు వాడే పీవీసీ పైపులో లోపలి గొట్టం మీద సరిపోయే సైజు చూసి, బయటికి కనపడే సన్న గొట్టం పొడవు ఎంతో అంత కోసి, నిలువునా ఒక చీలిక పెట్టండి. ముందు రాడ్‌ను గోడల మధ్య మామూలుగా బిగించాలి. గోడల మధ్య దూరం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగు పెట్టి, నొక్కి, వదిలితే స్ప్రింగ్ పట్టుకుంటుంది. తర్వాత ఆ తొడుగును సన్న గొట్టం మీద తొడిగేయాలి. అది బయటి గొట్టం అంచుకూ అవతలి రబ్బరుకూ మధ్య అడ్డుగా నిలబడుతుంది, రాడ్ ముడుచుకోవడానికి జాగా ఉండదు. ఇంకో లాభం కూడా దొరికింది. సన్న గొట్టం నుంచి లావు గొట్టం మీదికి వచ్చేచోట రింగులు తట్టుకునేవి, తొడుగుతో ఆ మెట్టు సమమైపోయింది. అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు, గోడకు రంధ్రం చేస్తే డిపాజిట్‌లో కోస్తారని ఈ స్ప్రింగ్ రాడ్లనే ఎక్కువగా వాడతారు. వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. స్ప్రింగ్ రాడ్ జారడానికి చాలాసార్లు కారణం పొడవు కాదు, టైల్ మీది సబ్బు జిడ్డు. రబ్బరు కొసలనూ టైల్‌నూ తుడిచి ఆరబెట్టాకే తొడుగు గురించి ఆలోచించండి.

గ్యాస్ పైపుకు వేసే క్లిప్పు కూడా ప్రయత్నించాను. బయటి గొట్టం అంచు దగ్గర లోపలి గొట్టానికి బిగిస్తే ముడుచుకోదు, కానీ రింగు దాన్ని దాటలేదు, చూడటానికీ బాగోదు. స్టోర్‌రూం పరదాకైతే పర్వాలేదు.

పొడవు ఆగినంత మాత్రాన వంగడం ఆగదు. స్క్రూ వేశాక కూడా మా బాల్కనీ రాడ్ మధ్యలో కుంగే ఉంది. అడుగుకు అంతే బరువు బట్ట వేసినా, 4 అడుగుల రాడ్ ఎంత వంగుతుందో అదే రాడ్ 7 అడుగులైతే దానికి 9 రెట్లకు పైగా వంగుతుంది, ఎందుకంటే వంపు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పైగా 16 మిల్లీమీటర్ల లోపలి గొట్టం 19 మిల్లీమీటర్ల బయటి గొట్టం కంటే దాదాపు 40 శాతం మెత్తన. దీనికి మధ్య బ్రాకెట్ ఒక్కటే మందు. రెండు గొట్టాలూ సమానమైతే అతుకు సరిగ్గా మధ్యలోనే పడుతుంది, బ్రాకెట్ దాని కిందే వస్తుంది. కర్టెన్‌ను రెండు ముక్కలుగా చేసి చెరో పక్క వేస్తే ఏ రింగూ అతుకు దాటక్కర్లేదు. గొట్టాలు కనీసం 8 అంగుళాలైనా ఒకదానిలో ఒకటి ఉండేలా చూసుకోండి. డబ్బా మీద రాసిన చివరి కొలత దాకా లాగి వాడటం నాకు ఇష్టం లేదు.

సొంత ఇల్లయి, కిటికీ కొలత మారదనుకుంటే మాత్రం ఈ శ్రమంతా ఎందుకు? హార్డ్‌వేర్ షాపులో కొలత చెబితే ఒకే స్టీల్ పైపు కోసిస్తారు. 25 మిల్లీమీటర్లది తీసుకోండి. అతుకు లేదు, మెట్టు లేదు, జరగడం అసలే లేదు. మా అన్నయ్య కొత్త ఇంటికి నేను సాగే రాడ్లు ఒక్కటీ కొననివ్వలేదు.

మా ఇంట్లో ఇప్పుడు బాల్కనీకి స్క్రూ, మధ్య బ్రాకెట్. పడగ్గదికి కర్ర. బాత్రూంకి తొడుగు. కర్టెన్లు ఉతకడానికి దించినప్పుడల్లా స్టార్ స్క్రూడ్రైవర్ తీసుకుని స్క్రూ ఒక పావు చుట్టు బిగించి, మార్కర్ గీత చూసుకుంటున్నాను. మొన్న అమ్మ వచ్చి పొద్దున్నే బాల్కనీ కర్టెన్ ఒక్క ఊపులో తీసింది. గీత పెట్టిన చోటే ఉంది.