బ్రేక్ దీపం వెలిగిందని ఆ గ్యారేజీకి మాత్రం వెళ్లకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో కారున్న ప్రతి ఒక్కరూ ఇది చదవండి. గోడ నిండా అన్ని కంపెనీల గుర్తులూ వేయించుకుని, కంప్యూటర్ స్కానింగ్ అని పెద్ద బోర్డు పెట్టుకున్న హనుమకొండ గ్యారేజీ గురించి చెబుతున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వెళ్లినవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ నుంచి వస్తుంటే భువనగిరి దాటాక క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే వేగంతో నడిపించే సదుపాయం) పనిచేయడం మానేసింది. బటన్ నొక్కితే మీటరులో గుర్తు వస్తోంది, వేగం మాత్రం సెట్ కావడం లేదు. జనగామ వచ్చేసరికి పసుపు రంగు ఈఎస్‌సీ దీపం (కారు అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థది) వెలిగింది. స్టేషన్ ఘన్‌పూర్ తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా ఎర్రటి బ్రేక్ దీపం కూడా వెలిగి ఆరిపోతోంది. మర్నాడే గ్యారేజీకి తీసుకెళ్లాను. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి రెండు నిమిషాలు చూసి, ఏబీఎస్ మాడ్యూల్ (గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే యూనిట్) పోయింది, మార్చకపోతే బ్రేకులు పడవు అన్నారు. మాడ్యూల్, బ్రేక్ ఆయిల్ మార్పు, బ్రేక్ పైపుల్లో గాలి తీసిన కూలీ అన్నీ కలిపి 46 వేల రూపాయల బిల్లు. కట్టాను. కారు చేతికిచ్చినప్పుడు దీపాలేవీ వెలగడం లేదు.

కొద్దిరోజులకే అమ్మను, పిల్లలను ఎక్కించుకుని కరీంనగర్ బయలుదేరితే, హుజూరాబాద్ చేరకముందే పసుపు దీపం, ఎర్ర దీపం రెండూ మళ్లీ వెలిగాయి. క్రూయిజ్ కంట్రోల్ మళ్లీ పోయింది. కరీంనగర్‌లో మా బావగారికి తెలిసిన పెద్దాయన ఒకరు చాలాకాలంగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నారు. ఆయన వెంటనే స్కానర్ తీయలేదు. ముందు బానెట్ ఎత్తి, ఏబీఎస్ యూనిట్ దగ్గర టార్చి వేసి, "ఇటు రండి బాబూ, చూడండి" అని పిలిచారు. యూనిట్‌ను పట్టి ఉంచిన బోల్టుల మీద, వైర్ల సాకెట్ మీద దుమ్ము పొర పొరలుగా పేరుకుని ఉంది. బ్రేక్ పైపుల నట్ల మీద ఎక్కడా స్పానర్ పట్టిన గుర్తు లేదు. ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల కాఫీ డికాక్షన్ లాంటి నల్లటి ఆయిల్, అదీ కనిష్ఠ గీత కిందికి ఉంది. కొత్త ఆయిల్ పోసి గాలి తీసిన కారులో ఆయిల్ అలా ఉండదు. అక్కడే నాకు మొత్తం అర్థమైంది. ఏ భాగమూ మార్చలేదు. మెమరీలో ఉన్న కోడ్లను చెరిపేసి పసుపు దీపం ఆర్పి, నా దగ్గర 46 వేలు వసూలు చేశారు.

అసలు లోపం ఏమిటో చెబుతాను, మీకు పనికొస్తుంది. బ్రేక్ పెడల్ పైన ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అందులో రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకదాన్ని ఒకటి సరిచూసుకోవడానికి. రెండూ వేర్వేరు సమాచారం ఇస్తే, డ్రైవరు బ్రేక్ మీద కాలు పెట్టాడో లేదో కంప్యూటర్‌కు తేలదు. అది తేలకపోతే క్రూయిజ్ కంట్రోల్‌కు అనుమతి ఇవ్వదు. చాలా కార్లలో ఈఎస్‌సీ దీపం కూడా వెలిగిస్తుంది. ఆ తర్వాత పెద్దాయన స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పీ0504. బ్రేక్ స్విచ్ సర్క్యూట్లు రెండూ పొసగడం లేదని దాని అర్థం. కొత్త స్విచ్ ధర వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఇక ఎర్ర దీపానికి కారణం ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగిపోవడం. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే క్యాలిపర్ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగి డబ్బాలో మట్టం తగ్గుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఆయిల్ ఊగి, డబ్బాలో మట్టం చూపే ఫ్లోట్ కిందికి దిగి దీపం వెలుగుతుంది.

46 వేలు పోయినందుకు కాదు నా కోపం. అరిగిపోయిన ప్యాడ్లతో, గీత కిందికి దిగిన ఆయిల్‌తో కారు నా చేతికిచ్చి, ఇక భయం లేదు అని పంపించారు. ఆ కారులోనే మా అమ్మను కూర్చోబెట్టుకుని లారీల మధ్య వెళ్లాను.

తిరిగి వచ్చాక ఫొటోలు తీసుకుని గ్యారేజీకి వెళ్లాను. "అన్నా, మార్చిన పాత మాడ్యూల్ ఒకసారి చూపించండి" అని మర్యాదగానే అడిగాను. యజమాని ఫోనులోంచి తల ఎత్తకుండానే కుర్రాడికి సైగ చేశాడు. ఆ కుర్రాడు మూలనున్న ఇనుప డ్రమ్ములో చేయి పెట్టి వెతికి ఒక యూనిట్ తెచ్చాడు. దాని మీద వేరే కంపెనీ కారు గుర్తు ఉంది. సాకెట్ ఆకారమే వేరు, మా కారు వైర్లు దానికి పట్టవు. అదే మాట అన్నాను. అప్పుడు యజమాని లేచి, పది మంది ముందు, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ముందు, "నాలుగు వీడియోలు చూసి మెకానిక్ అయిపోయారా? బ్రేక్ వేస్తే బండి ఆగుతోందా లేదా? ఆగితే ఇంకేం కావాలి? కారు తీయండి, వెనక బండ్లు ఆగిపోయాయి" అని అరిచాడు. స్కాన్ రిపోర్ట్ అడిగితే ప్రింటర్ పాడైందన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నమ్మి తాళాలు చేతిలో పెట్టినవాడితో మాట్లాడే తీరేనా అది?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాను. 5 లక్షల రూపాయల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయవచ్చు.

మీ కారులో ఇలాంటి దీపాలు వెలిగితే ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో, బ్రేక్ ఆయిల్ గీతల మధ్య ఉందో లేదో చూడండి. ఒకరిని పెడల్ తొక్కమని, వెనక దీపాలు వెలిగి వెంటనే ఆరుతున్నాయో గమనించండి. ఎర్ర దీపం ఆరకపోయినా, పెడల్ మెత్తగా లోపలికి దిగుతున్నా కారు నడపవద్దు. గ్యారేజీలో కోడ్లు చెరిపేయకముందే స్కానర్ తెరను మీ ఫోనుతో ఫొటో తీసుకోండి. పాత భాగం చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి.

అదే గ్యారేజీలో ఏబీఎస్ మాడ్యూల్ బిల్లు కట్టినవాళ్లు ఈరోజే బానెట్ ఎత్తి ఆ బోల్టులు, ఆ నట్లు చూసుకోండి. దుమ్ము కదలకుండా ఉంటే కడగకుండా ఫొటో తీసి, బిల్లు దాచి నాకు మెసేజ్ పెట్టండి. అందరం కలిసి వెళ్దాం.