మెషీన్లు తక్కువ, పని ఎక్కువ: మడమ నొప్పికి నేను వెళ్లిన ఫిజియోథెరపీ సెంటర్

ముందే చెప్పేస్తున్నా. పడుకోబెట్టి, కరెంటు పెట్టి, కాపడం పెట్టి, హాయిగా ఇంటికి పంపే చోటు కావాలంటే ఇక్కడికి రాకండి. ఇక్కడ ఫీజు మనమే ఇవ్వాలి, చెమట కూడా మనమే కార్చాలి. పరుగెత్తే అలవాటుండి మడమ నొప్పితోనో పిక్క నొప్పితోనో ఆగిపోయినవాళ్లు ఎవరైనా అడిగితే, విశాఖలో నేను చెప్పే చోటు మాత్రం ఇదే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని, యాభైకి దగ్గర పడ్డాను. పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళలో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, ఓపికున్నంత దూరం పరుగెత్తి స్కూలు టైముకి ఇంటికి చేరడం నా అలవాటు. స్పీడేమీ లేదు, పక్కనుంచి నేవీ కుర్రాళ్లు దూసుకుపోతూనే ఉంటారు. కిందటి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అప్పటికే లోపల్లోపల ఏదో ఉండి ఉంటుంది, ఆ రాత్రి తర్వాత బయటపడింది. కుడి మడమ వెనక, సరిగ్గా బూటు అంచు తగిలేచోట నొప్పి. పొద్దున్న మంచం దిగి గోడ పట్టుకుంటే గానీ బాత్రూమ్ దాకా వెళ్లలేను. పరుగు మొదలుపెట్టి కాస్త ఒళ్లు వేడెక్కాక తగ్గినట్టే ఉండేది, సాయంత్రానికి వడ్డీతో సహా తిరిగొచ్చేది.

మొదట ఇంకో చోటికి వెళ్లాను, పేరెందుకులెండి. అక్కడ అల్ట్రాసౌండ్ పెట్టారు, కరెంటు పెట్టారు, ఇంటికెళ్లి మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించమన్నారు. ఫోన్లో ఏ వీడియో చూసినా కనిపించేది ఆ వ్యాయామమే. అదేమీ ఉత్తుత్తిది కాదు. 1998లో స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్సన్ అనే డాక్టర్ బృందం ప్రచురించిన పద్ధతి అది. మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి, 15 చొప్పున మూడు విడతలు, పొద్దునా సాయంత్రం కలిపి రోజుకు 180, అలా 12 వారాలు. ఎందరికో నయమైంది. నాకు మాత్రం చేసిన కొద్దీ ముదిరింది.

ఎందుకు ముదిరిందో ఈ సెంటర్లో మొదటి రోజే తేలింది. ఇక్కడి ఫిజియో చిన్నమ్మాయి, మా పాత విద్యార్థుల వయసుంటుంది. నన్ను బోర్లా పడుకోమని, బొటనవేలితో చూపుడువేలితో పిక్క కిందనుంచి చిన్నగా గిల్లుకుంటూ మడమ వైపు దిగింది. పిక్క కండను మడమకు కట్టి ఉంచే అకిలిస్ టెండన్ అంతా వేళ్ల మధ్య పట్టి చూసింది. మడమకు మూడు వేళ్ల పైన ఏమీ లేదు. ఇంకాస్త కిందికి దిగి, టెండన్ ఎముకకు అతుక్కునే చోట నొక్కేసరికి కాలు లాగేసుకున్నాను.

"ఇదీ తేడా మేడమ్" అంది. టెండన్ మధ్యలో నొప్పి ఉన్నవాళ్లకు మెట్టు వ్యాయామం పనికొస్తుందట. నాలా అతుకు దగ్గర నొప్పి ఉంటే, మడమ మెట్టు కిందికి దిగిన ప్రతిసారీ టెండన్ వెళ్లి ఎముకకు ఒత్తుకుంటుంది. నొప్పి ఉన్నచోటే రోజూ నూరుతున్నట్టు అన్నమాట. కాబట్టి మెట్టు బంద్, పిక్క లాగే స్ట్రెచింగ్ బంద్, ఏం చేసినా సమతలమైన నేల మీదే.

తర్వాత అడిగిన ప్రశ్నలకే నేను ఈ సెంటర్‌కి సగం మార్కులు వేసేశాను. "ఇంట్లో గొంతుక్కూర్చుని చేసే పనులేమైనా ఉన్నాయా?" అని అడిగింది. లేకేం, వాకిట్లో ముగ్గుంది, కత్తిపీట ఉంది, స్కూల్లో ఇండియన్ టాయిలెట్ ఉంది. మడమలు నేలకానించి గొంతుక్కూర్చున్నా టెండన్‌కి అదే ఒత్తిడి. కొన్నాళ్లు ముగ్గుకు చిన్న పీట వేసుకోమంది, ఇంట్లో కూడా కాస్త మడమ ఎత్తున్న చెప్పులు వేసుకోమంది. పీట మీద కూర్చుని ముగ్గేసే కోడల్ని చూసి మా అత్తగారు పడీపడీ నవ్వారు. షుగరుందా, కొలెస్ట్రాల్ ఎంత, నెలసరి ఆగిందా, ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అని కూడా అడిగింది. ఆ జాతి మందులు టెండన్లను దెబ్బతీయగలవని నాకు అప్పుడే తెలిసింది. కాకపోతే ఇవన్నీ అడిగింది ఒక్క కర్టెన్ చాటున. పక్క మంచం మీదున్న పెద్దాయనకు నా నెలసరి సంగతి పూర్తిగా తెలిసిపోయింది. ఒక చిన్న గది కట్టించుకుంటే బాగుండు.

ఇక వైద్యం. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవమంది. ఎడమ కాలు ఇరవై దాటాక కూడా లేస్తూనే ఉంది, కుడి కాలు అందులో సగానికే వణికిపోయింది. నొప్పి కన్నా ముందు ఆ తేడా సంగతి చూడాలంది. పరుగులో ఒక్కో అడుగుకు ఆ టెండన్ మీద శరీర బరువుకు ఆరేడు రెట్లు పడుతుందట. విశ్రాంతి తీసుకుంటే నొప్పి తగ్గుతుంది గానీ ఆ బరువు మోసే బలం ఊరికే రాదు. బలం కోసం ఇచ్చింది ఒకటే పని: ఫోన్లో టిక్ టిక్ పెట్టుకుని, మూడు సెకన్లలో పైకి లేవడం, మూడు సెకన్లలో కిందికి దిగడం. ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కుర్చీలో కూర్చుని తొడల మీద బరువు పెట్టుకుని. రోజు విడిచి రోజు. అలవాటయ్యాక భుజాన బ్యాగు, ఆ బ్యాగులో పదో తరగతి పాఠ్యపుస్తకాలు, వారం వారం ఇంకో రెండు. మెల్లగా బరువెత్తే ఈ పద్ధతినీ, ఆ రోజూ చేసే మెట్టు వ్యాయామాన్నీ డెన్మార్క్‌లో పోల్చి 2015లో ప్రచురించారట. ఏడాది తర్వాత చూస్తే ఫలితం రెండింటికీ ఒకటేనట. ఆ పరీక్ష టెండన్ మధ్యలో నొప్పి ఉన్నవాళ్ల మీద జరిగిందని తనే చెప్పింది, దాచలేదు. పొద్దున్నే వంట, స్కూలు ఉన్నవాళ్లకు రోజు విడిచి రోజు పద్ధతే కుదురుతుందన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

మళ్లీ పరుగు ఎప్పుడన్నదానికి ఇక్కడ క్యాలెండర్ చూడరు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమంటారు. పరుగులో ఐదు దాకా ఫరవాలేదు, కానీ మర్నాడు పొద్దున మంచం దిగేసరికి మామూలు స్థితికి రావాలి. రాలేదంటే నిన్న చేసింది ఎక్కువైనట్టు. మా పిల్లలకు కూడా ఇంత స్పష్టమైన మార్కుల పద్ధతి లేదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టించారు, అదీ తారు రోడ్డు మీదే. ఇసుకలోకి దిగొద్దన్నారు, మడమ కూరుకుపోతుందని. కైలాసగిరి ఘాట్ రోడ్డు ఆఖరికి పెట్టుకోమన్నారు, ఎత్తు ఎక్కేటప్పుడు టెండన్ మరీ సాగుతుందని. మడమ భాగం ముందు కంటే 10 మిల్లీమీటర్లు ఎత్తుండే బూట్లు చూసుకోమన్నారు గానీ ఫలానా షాపులో కొనమని చీటీ రాసివ్వలేదు. ఈ రోజుల్లో అదే గొప్ప.

మూడు నెలలు దాటాక ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరుగెత్తగలుగుతున్నా. పొద్దున రెండు మూడు అడుగులు ఇంకా బిగుతుగానే ఉంటాయి. నేవీ మారథాన్‌లో 10కే కి పేరివ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ అమ్మాయి ఊఁ అనడం లేదు, ఉఁహూఁ అనడం లేదు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ ఎందుకు? కాలి నొప్పుల వాళ్లొచ్చే సెంటర్ని లిఫ్టు లేని బిల్డింగులో రెండో అంతస్తులో పెట్టడం ఎవరి ఆలోచనో గానీ వాళ్లకో దండం. వ్యాయామాల కాగితం అంతా ఇంగ్లీషులో ఉంటుంది. మోకాళ్ల నొప్పికి వచ్చిన ఒక మామ్మగారు దాన్ని మడిచి పర్సులో పెట్టుకోవడం, మనవడొచ్చాక చదివించుకుంటాననడం నా కళ్లారా చూశాను. తెలుగులో రాసిస్తానని నేనే అన్నాను, సరేనన్నారు, ఇంతవరకూ అడగలేదు. అపాయింట్‌మెంట్ ఆరింటికంటే ఆరున్నర అనుకోండి. రిసెప్షన్లో మొదటి రోజే ప్యాకేజీ తీసుకోమంటారు. నేను వద్దన్నాను, మళ్లీ ఎత్తలేదు. తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే ఫిజియో తనంతట తనే రెండు వారాలకోసారి వస్తే చాలంటుంది. మొదటిసారి 800, తర్వాత 500 తీసుకున్నారు. రోజూ వెళ్లి కరెంటు పెట్టించుకునే చోటుతో పోలిస్తే నెలాఖరుకు చవకే.

వెళ్లేటప్పుడు అరిగిన పాత బూట్లు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, రెండూ అడుగుతారు. శనివారం సాయంత్రం మాత్రం వద్దు. క్రికెట్ అకాడమీ పిల్లలు భుజాలు పట్టుకుని బెంచీలన్నీ ఆక్రమించేస్తారు.